పిల్లలతో ఆడే గేమ్ వేరు, వాళ్లు పడుకున్నాక ఆడే గేమ్ వేరు

వీడియో గేమ్ కొనేముందు చాలామంది రెండే చూస్తారు: రివ్యూల్లో ఎన్ని మార్కులొచ్చాయి, ధర ఎంత. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ రెండూ పెద్దగా ఉపయోగపడవు. పదికి తొమ్మిదిన్నర వచ్చిన గేమ్ కూడా నాలుగేళ్ల పిల్లాడి చేతిలో ఐదు నిమిషాల్లో ఏడుపులోకి దిగుతుంది. అదే గేమ్‌ని రాత్రి ఒంటరిగా ఆడదామని కూర్చుంటే, వాడు మధ్యలో లేచి నీళ్లడిగేసరికి అప్పటిదాకా ఆడిందంతా పోవచ్చు. అందుకే నేను చూసేవి వేరు. పిల్లలతో ఆడేదైతే, సరిగ్గా ఆడలేనివాళ్లు కూడా చివరిదాకా ఆటలో ఉండగలగాలి. నేనొక్కదాన్నే ఆడుకునేదైతే, ఏ నిమిషంలోనైనా పక్కన పెట్టి లేవగలగాలి. ఈ రెండూ ఒకే గేమ్‌లో దొరకడం అరుదు. ఒకే గేమ్‌తో రెండు పనులూ అయిపోవాలనుకుంటే మాత్రం ఇంట్లో ఎవరికీ సరదా మిగలదు.

మా పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగు. ఉండేది బెంగళూరులో, మారతహళ్లి వైపు. వాన మొదలైతే సాయంత్రాలు కిందికి దింపడానికి ఉండదు. గత ఏడాదిలో మేం ఆడినవీ, ఆడి అమ్మేసినవీ దగ్గర పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు స్క్రీన్ ముందు కూర్చునేది రోజుకు గంట దాటకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోను, టీవీ, గేమ్ అన్నీ కలిపి గంట. కాబట్టి గేమ్ బాగుండడం ఎంత ముఖ్యమో, గొడవ లేకుండా ఆపగలగడం కూడా అంతే ముఖ్యం.

ముందు మెషీన్

ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే నా ఓటు నింటెండో స్విచ్‌కే. దాన్ని చేతిలో పట్టుకునీ ఆడొచ్చు, టీవీకి తగిలించీ ఆడొచ్చు. 2017లో వచ్చిన పాతదైనా, 2021లో వచ్చిన ఓలెడ్ మోడల్ అయినా పరవాలేదు, రెండిట్లోనూ అవే గేమ్‌లు నడుస్తాయి. దీనికి పెద్ద కారణం కంట్రోలర్. పక్కనుండే జాయ్-కాన్‌లు రెండూ ఊడదీసి అడ్డంగా పట్టుకుంటే రెండు చిన్న కంట్రోలర్లవుతాయి. పెట్టెలో వచ్చినదాంతోనే ఇద్దరు ఆడొచ్చు, పైగా అవి పిల్లల చేతులకు సరిపోతాయి. ధర తక్కువని స్విచ్ లైట్ జోలికి మాత్రం పోకండి. అది టీవీకి తగిలించడం కుదరదు, దాని కంట్రోలర్లు ఊడవు. ఒక్కరికి బాగుంటుంది, ఇంటిల్లిపాదికీ పనికిరాదు.

ఇబ్బంది ఏమిటంటే, సోనీవాళ్ల ప్లేస్టేషన్ 5 (పీఎస్5) దొరికినట్టు ఇది మన దగ్గర కంపెనీ వారంటీతో దొరకదు. బయటి నుంచి తెప్పించి అమ్ముతారు. వారంటీ ఏదైనా ఇస్తే ఆ షాపువాళ్లదే. దాని సంగతి చివర్లో చెప్తాను.

పీఎస్5 ఇక్కడ 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. డిస్క్ మోడల్ అప్పుడు 49,990 రూపాయలు, తర్వాత ధర పెరిగింది. బిల్లు, సర్వీసు అన్నీ పద్ధతిగా ఉంటాయి. నాలాగా రాత్రి ఒంటరిగా ఆడేవాళ్లకు మంచి మెషీనే. కానీ కంట్రోలర్ పెద్దది. మా బాబు దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక్కో బటన్‌నీ వెతుక్కుంటాడు. రెండోది కావాలంటే విడిగా కొనుక్కోవాలి, అదేం చవక కాదు.

మైక్రోసాఫ్ట్‌వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో డిస్క్ పెట్టే చోటే లేదు. ఆడేసిన గేమ్ అమ్ముకోలేరు, అరువు తెచ్చుకోలేరు. నెలనెలా చందా కట్టి రకరకాల గేమ్‌లు ఆడేవాళ్లకైతే సరే.

ఇంట్లో సొంత ల్యాప్‌టాప్ ఉంటే కొత్త మెషీనేం కొనకుండా హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి, రెండు కంట్రోలర్లు తెచ్చుకుని మొదలుపెట్టొచ్చు. స్టార్‌డ్యూ వ్యాలీ, పాత లెగో గేమ్‌లు మామూలు ల్యాప్‌టాప్‌లోనే నడుస్తాయి. ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం ఇన్‌స్టాల్ చేయకండి. ఈ ఊళ్లో సగంమందికి ఇంట్లో ఉండేది అదే కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

ఫోన్ గేమ్‌లు నేను ఈ లెక్కలోకి తీసుకోలేదు. ప్రకటనలు, మధ్యలో కొనమని అడిగే వజ్రాలు, వీటి మధ్య ఆట ఎక్కడుందో వెతుక్కోవాలి.

పిల్లలతో ఆడేవి

పెట్టె మీద వయసు చూసి కొంటే సరిపోతుందనుకుంటాం. యూరప్ వాళ్ల పెగీ, అమెరికావాళ్ల ఈఎస్ఆర్‌బీ ముద్రలు చెప్పేది అందులో హింస, బూతులు, భయపెట్టేవి ఉన్నాయా లేవా అన్నదే. ఆడటం ఎంత కష్టమో అవి చెప్పవు. 2017లో వచ్చిన కప్‌హెడ్‌కి పెగీ 7 ముద్ర ఉంది, బొమ్మలు పాత కార్టూన్లలా ముద్దుగా ఉంటాయి. అది ఆడుతూ పెద్దవాళ్లే కంట్రోలర్ విసిరేస్తారు. కాబట్టి ముద్ర చూశాక, ఆడుతున్న వీడియో ఒక పది నిమిషాలు కూడా చూడండి. తప్పు చేస్తే ఏమవుతుంది, ఎంతసేపట్లో మళ్లీ ఆటలోకి వస్తారు, తెర మీద ఇంగ్లిష్ ఎంత చదవాలి, ఈ మూడూ తెలిసిపోతాయి.

మొదటి గేమ్‌గా మారియో కార్ట్ 8 డీలక్స్‌ని మించింది నాకు కనపడలేదు. అందులో స్మార్ట్ స్టీరింగ్ అని ఒకటుంది. అది ఆన్ చేస్తే బండి రోడ్డు దాటి పడిపోదు. దాంతోపాటు యాక్సిలరేటర్ కూడా దానంతటదే నొక్కుకునేలా పెట్టొచ్చు. ఈ రెండూ బాబుకు ఆన్ చేసి, నాకు ఆఫ్ చేసుకుంటాను. వాడు స్టిక్ కదిపినా కదపకపోయినా బండి వెళ్తూనే ఉంటుంది, తాబేలు చిప్ప దొరికితే నా మీదకే విసురుతాడు. ఒక టీవీ ముందు నలుగురు ఆడొచ్చు. నాలుగు రేసులకు ఒక కప్పు, అది పూర్తవగానే బహుమతి ఇస్తారు, ఆట ముగిసినట్టు తెర మీదే కనిపిస్తుంది. "కప్పు అయ్యాక అన్నం" అంటే మా ఇంట్లో ఎదురు మాట ఉండదు. స్మార్ట్ స్టీరింగ్‌తో ఒక చిక్కుంది, కొన్ని అడ్డదారుల్లోకి అది బండిని పోనివ్వదు. మా పాప ఆ సంగతి తనే కనిపెట్టి ఆఫ్ చేయమంది. ఆ తర్వాత కొన్నాళ్లు లోయల్లో పడుతూనే ఉంది, అయినా మళ్లీ ఆన్ చేయనివ్వలేదు.

ఇప్పుడు అసలైన పోలిక. షాపులో మారియో గేమ్‌లు పక్కపక్కన పెట్టి ఉంటాయి. న్యూ సూపర్ మారియో బ్రదర్స్ యు డీలక్స్, సూపర్ మారియో బ్రదర్స్ వండర్. రెండూ చిన్నప్పుడు మనం పసుపు క్యాసెట్ పెట్టి ఆడిన మారియోలాగే ఎడమ నుంచి కుడికి పరిగెత్తేవే. మొదటిది 2019లో స్విచ్‌కి వచ్చింది. అందులో ఆటగాళ్లు ఒకరికొకరు తగులుతారు, ఒకరి నెత్తి మీద ఇంకొకరు గెంతుతారు, ఎత్తి అవతల పారేస్తారు. అన్నదమ్ములో అక్కాతమ్ముళ్లో ఉన్న ఇంట్లో అదేమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. 2023లో వచ్చిన వండర్‌లో ఎవరూ ఎవరికీ తగలరు. చచ్చిపోతే దెయ్యంలా తేలుతూ ఉంటారు, కొన్ని సెకన్లలోపు ఇంకొకరు వచ్చి ముట్టుకుంటే మళ్లీ బతుకుతారు. యోషీ అనే డైనోసార్‌లనో నాబిట్ అనే పాత్రనో ఎంచుకుంటే శత్రువులు తగిలినా ఏమీ కాదు. గోతిలో పడితే మాత్రం లైఫ్ పోతుంది.

వండర్‌లో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. యోషీ వీపు మీదికి మిగతావాళ్లు ఎక్కొచ్చు. నేను యోషీని తీసుకుంటాను. కష్టమైన చోట బాబు "అమ్మా, ఎక్కించుకో" అంటాడు, అది దాటాక దిగి మళ్లీ సొంతంగా పరిగెడతాడు. వాడి చేతిలో కంట్రోలర్ లాక్కోవాల్సిన పని ఉండదు. పిల్లలతో ఆడే గేమ్‌లో ఇంతకంటే మంచి ఏర్పాటు నేనెక్కడా చూడలేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలుండి, ఒక్క గేమే కొనగలిగితే వండర్ కొనండి. ఒక్కరే ఉంటే మారియో కార్ట్.

కర్బీ అండ్ ద ఫర్‌గాటెన్ ల్యాండ్ 2022లో వచ్చింది, ఇద్దరు ఆడొచ్చు. ఇందులో కెమెరా మొదటి ఆటగాడి వెంటే పోతుంది. కాబట్టి గులాబీరంగు కర్బీని పిల్లలకిచ్చి, ఈటె పట్టుకున్న రెండో పాత్రను మీరు తీసుకోండి. తిరగేశారంటే వాళ్లు వెనకపడుతూ, కెమెరా లాక్కొస్తుంటే విసుగుపడుతూ ఉంటారు. స్ప్రింగ్-బ్రీజ్ అనే తేలిక మోడ్‌లో మొదలుపెట్టొచ్చు. కారునూ, కోన్ ఆకారంలో ఉన్న దిమ్మెనూ కర్బీ మింగడానికి నోరు తెరిస్తే మా వాడు పడి పడి నవ్వుతాడు. సూపర్ మారియో ఒడిస్సీలో దీనికి ఉల్టా. అక్కడ పెద్దవాళ్లు మారియో, పిల్లలు అతని టోపీ. టోపీకి ఏ దెబ్బా తగలదు, గాల్లో ఎటైనా తిరగొచ్చు.

మైన్‌క్రాఫ్ట్ విషయం వేరు. పాపకు ఈ ఏడాది దాని పిచ్చే. పీస్‌ఫుల్ మోడ్‌లో పెడితే రాత్రిపూట దయ్యాలు రావు, ఆకలి వేయదు. క్రియేటివ్‌లో ఎగురుతూ ఇటుకలు పేర్చుకోవచ్చు. స్విచ్, పీఎస్5 లాంటి కన్సోల్‌లో అయితే తెరను పంచుకుని నలుగురు ఆడొచ్చు, కంప్యూటర్‌లో ఆ సౌకర్యం లేదు. అది తెలియక ల్యాప్‌టాప్‌కి కొనేవాళ్లు చాలామంది. ఇబ్బందల్లా ఈ ఆటకు ముగింపు లేకపోవడమే. "ఇంకొక్క గోడ" అనే మాటకు అంతుండదు. దానికి ఆటలోనే విరుగుడుంది. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక రోజు, పగలూ రాత్రీ కలిపి, మన 20 నిమిషాలు. అందులో పగలు పది నిమిషాలు. ఇన్ని పగళ్లు ఆడొచ్చని ముందే మాట అనుకుంటే, సూర్యుడు దిగుతుంటే వాళ్లకే కనిపిస్తుంది. "అమ్మ ఆపేసింది" అనే గొడవ ఉండదు. ఇంకోటి, తమ్ముడికి వేరే ప్రపంచం తెరిచివ్వండి. అక్క కట్టిన కోటను తమ్ముడు తవ్వేశాక రాజీ చేయడం మన వల్ల కాదు.

ఎన్ని అవార్డులొచ్చినా చిన్నపిల్లలకు వద్దనేవి కూడా ఉన్నాయి. ఇట్ టేక్స్ టూ 2021లో గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏడాదికి ఉత్తమ గేమ్. ఇద్దరే ఆడాలి, ఇద్దరూ సమానంగా ఆడగలగాలి. కథ విడాకులు తీసుకోబోతున్న తల్లిదండ్రులది. మధ్యలో ఒక బొమ్మ ఏనుగు సీను ఉంది, అది చూసిన పిల్లలు కొన్నాళ్లు మర్చిపోరు. పిల్లలు పడుకున్నాక మొగుడూ పెళ్లాం ఆడుకోవడానికి మాత్రం ఇంత మంచిది దొరకదు. మా ఆయనకు గేమ్‌లంటే పెద్దగా పట్టదు, అయినా ఇది వదల్లేదు. ఓవర్‌కుక్డ్ కూడా అంతే, ఐదేళ్ల లోపు వాళ్లతో వద్దు. వంటింట్లో గడియారం తరుముతుంటే పెద్దవాళ్లే అరుచుకుంటారు. పిల్లలతో ఆడాలని గట్టిగా ఉంటే ఆల్ యు కెన్ ఈట్ అనే ఎడిషన్ తీసుకుని అందులో అసిస్ట్ మోడ్ పెట్టండి, టైము ఎక్కువ ఇస్తారు.

పీఎస్5 ఇప్పటికే కొనేసినవాళ్లకు: ఆస్ట్రోస్ ప్లేరూమ్ మెషీన్‌తో పాటే ఉచితంగా వస్తుంది, అక్కడ మొదలుపెట్టండి. 2024 సెప్టెంబరులో వచ్చిన ఆస్ట్రో బాట్ కొనుక్కోవాలి, ఒక్కరే ఆడేది. కానీ లెవెల్స్ చిన్నవి, ఓడినా కొంచెం వెనక నుంచే మళ్లీ మొదలవుతుంది. లెవెల్‌కి ఒకరు చొప్పున కంట్రోలర్ మార్చుకుంటే ఇద్దరి గేమ్‌లాగే ఉంటుంది. లెగో గేమ్‌లు ఏ మెషీన్‌లోనైనా దొరుకుతాయి. ఓడిపోతే కొన్ని నాణేలు రాలతాయి అంతే, మధ్యలో వచ్చి చేరొచ్చు, మధ్యలో లేచిపోవచ్చు.

చదవాల్సిన గేమ్‌ల గురించి ఒక మాట. యానిమల్ క్రాసింగ్‌లో ప్రతి జంతువూ కబుర్లు చెబుతుంది, అన్నీ ఇంగ్లిష్‌లో, అన్నీ చదివితేనే తెలిసేవి. చదవడం రాని పిల్లలుంటే అవన్నీ మీరు పక్కన కూర్చుని తెలుగులో చెప్పాల్సిందే. నాకది ఇష్టమే. ఎలుగుబంటి "ఏమే, అన్నం తిన్నావా" అంటోందని చెబితే వాడు నిజమనుకుంటాడు. కానీ వంట చేసుకుంటూ పిల్లల్ని ఆడుకోనిద్దాం అనుకుంటే అది పని చేయదు. ఇంకోటి, ఒక మెషీన్‌కి ఒకే దీవి. ఇద్దరు పిల్లలకు రెండు దీవులు కావాలంటే రెండు స్విచ్‌లు కొనాలి.

వాళ్లు పడుకున్నాక

ఇక్కడ చూడాల్సింది ఎక్కడ సేవ్ అవుతుంది అన్నది. స్టార్‌డ్యూ వ్యాలీ, 2016లో ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని తయారుచేసిన పొలం గేమ్, మనసుకు ఎంతో హాయిగా ఉంటుంది. కానీ ఆటలో పాత్ర మంచమెక్కి పడుకుంటేనే సేవ్ అవుతుంది. ఆ రోజు మన లెక్కలో సుమారు 14 నిమిషాలు. స్విచ్‌లో ఆడుతుంటే బటన్ నొక్కి స్లీప్‌లో పెట్టి లేచిపోవచ్చు. బ్యాటరీ లేని కంప్యూటర్‌లోనో, పీఎస్5 లాంటి కన్సోల్‌లోనో ఆడుతుంటే కరెంటు పోయిందంటే ఆ రోజు వేసిన నాట్లన్నీ పోయినట్టే. అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉందిగా అనుకోకండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే కొన్ని సెకన్లు చాలు కన్సోల్ ఆరిపోవడానికి. టీవీ దగ్గర చిన్న యూపీఎస్ పెట్టుకోండి, లేదా చేతిలో పట్టుకుని ఆడే మెషీన్‌లో ఆడండి.

హేడీస్, పాతాళం నుంచి తప్పించుకోవడానికి గదిగదికీ పోరాడే గేమ్, దీనికి పూర్తి భిన్నం. ఒక్కో ప్రయత్నం అరగంట పైనే పడుతుంది, కానీ ఏ గదిలో ఉండగా బయటికొచ్చినా ఆ గది మొదటి నుంచి మళ్లీ మొదలవుతుంది. కష్టంగా ఉంటే గాడ్ మోడ్ పెట్టుకోవచ్చు, చచ్చిపోయినప్పుడల్లా దెబ్బలు తట్టుకునే శక్తి కాస్త పెరుగుతుంది. రోజంతా మీటింగులయ్యాక అలసిపోయిన చేతులతో ఆడేవాళ్లకు అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. పిల్లలు మేలుకుని ఉండగా పెట్టకండి, నెత్తురూ నరకమూ అన్నీ ఉంటాయి.

జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, దాని తర్వాతి టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్, ఈ రెండిట్లో ఏది అని అడుగుతారు. నేనైతే మొదటిదే ముందు ఆడమంటాను. రెండోదాంట్లో వస్తువులు అతికించి బళ్లు, విమానాలు కట్టడం ఉంటుంది. రాత్రి ఒక అరగంట మాత్రమే దొరికేవాళ్లు నాలుగు రోజుల తర్వాత తెరిస్తే ఎక్కడున్నామో, ఏం కడుతున్నామో గుర్తుండదు. మొదటిదాంట్లో కొండ కనిపిస్తే ఎక్కడమే. ఆదివారం మధ్యాహ్నం పాప పక్కన కూర్చుని గుర్రాలు పట్టడం, యాపిల్స్ కోయడం చూస్తుంది. యుద్ధం వస్తే కంట్రోలర్ నాకిచ్చేస్తుంది.

పెద్ద గేమ్‌లు పూర్తి చేసే ఓపిక లేనివాళ్లకు చిన్నవి ఉన్నాయి. వెన్బా 2023లో వచ్చింది. కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబం కథ. చిరిగిపోయిన అమ్మ వంటల పుస్తకంలో తెలియని చోట్లు ఊహించుకుని ఇడ్లీ, పుట్టు వండాలి. రెండు గంటల్లోపే అయిపోతుంది. అమ్మ తమిళంలో మాట్లాడితే కొడుకు ఇంగ్లిష్‌లో జవాబిచ్చే చోట, బెంగళూరులో తెలుగు పిల్లల్ని పెంచే ఎవరికైనా గుండె పట్టేస్తుంది. గంటల లెక్కన చూస్తే ధర ఎక్కువే, తగ్గింపులో కొనండి. అన్‌ప్యాకింగ్ 2021ది. ఇల్లు మారినప్పుడల్లా అట్టపెట్టెలు విప్పి సామాను సర్దడమే ఆట. పదకొండు నెలల అగ్రిమెంటు మీద బతికే మనకు ఇదేం సరదా అనుకున్నాను గానీ, కొద్ది గేమ్‌లకే సాధ్యమయ్యేది దీనికి సాధ్యమైంది: రాత్రి నేనాడతాను, పగలు పాప ఆడుతుంది. సెట్టింగుల్లో ఏ వస్తువు ఎక్కడైనా పెట్టొచ్చు అని మార్చుకుంటే బాబు కూడా ఆడతాడు, చెప్పులు ఫ్రిజ్‌లో పెడతాడు. అన్‌టైటిల్డ్ గూస్ గేమ్ కూడా ఈ కోవలోదే. 2020 నుంచి ఇద్దరు బాతుల్లా ఆడొచ్చు, చావు లేదు, హాంక్ అని అరవడానికి ప్రత్యేకంగా ఒక బటన్ ఉంది.

కొనడానికి వెళ్లేటప్పుడు

స్విచ్ కోసం బెంగళూరులో చాలామంది వెళ్లేది మెజెస్టిక్ దగ్గరి నేషనల్ మార్కెట్‌కి. ఒక షాపులో ధర విని వెంటనే ఇచ్చేయకుండా రెండు మూడు చోట్ల అడగండి. పాతదైతే అక్కడే ఆన్ చేయించి రెండు స్టిక్కులనీ సెట్టింగుల్లో పరీక్షించండి. వేలు తీసినా చుక్క కదులుతుంటే ఆ స్టిక్ పాడైనట్టే. గేమ్‌లన్నీ వేసి ఇస్తామంటే అది దొంగ గేమ్‌లు నడిచేలా మార్చిన మెషీన్ అని అర్థం. ఆన్‌లైన్‌లోకి వెళ్తే కంపెనీ దాన్ని బ్యాన్ చేయొచ్చు.

పిల్లల గేమ్‌లు వీలైనంతవరకు కార్ట్రిడ్జ్‌లోనే, అంటే మెషీన్‌లో దూర్చే చిన్న కార్డులోనే కొనండి. పిల్లలకు మోజు తీరిపోయాక అమ్మేయొచ్చు, ఆ డబ్బుతో ఇంకోటి వస్తుంది. మీ గేమ్‌లు మాత్రం తగ్గింపుల్లో డౌన్‌లోడ్ చేసుకోండి, అర్ధరాత్రి కార్ట్రిడ్జ్ మార్చడానికి లైటు వేయక్కర్లేదు. ఆ కార్ట్రిడ్జ్ గోరంత ఉంటుంది, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా దానికి చేదు పూస్తారు. కావాలంటే నాలుకతో ముట్టుకుని చూడండి, ఇంకోసారి చూడరు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 కొంటే, పెట్టె మీద గేమ్-కీ కార్డ్ అని ఉందేమో చదవండి. అలా ఉంటే కార్డులో గేమ్ ఉండదు, నెట్ నుంచి మొత్తం దించుకోవాలి. స్విచ్ ఏ దేశపు కార్ట్రిడ్జ్‌నైనా చదువుతుంది, కానీ తర్వాత కొనే అదనపు ట్రాకులూ లెవెల్సూ ఆ కార్ట్రిడ్జ్ దేశానికి చెందినవే అయ్యుండాలి. మారియో కార్ట్ కొనేటప్పుడే అది అమెరికాదో యూరప్‌దో జపాన్‌దో చూసి, మీ ఖాతా కూడా అక్కడిదే తెరవండి.